వాసన చూడకూడని వంట

పోయినవారం ఈ కథని, కరీంబీని మా గుమ్మం ముందు నిలబెట్టి ఆపాను. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. లోపలికి పిలిచేలోపు, మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను.

ధనుర్మాసం మొదటి శనివారం మా తిరువూరు కోవెల్లో పులిహోర తిన్నవాళ్లు మధ్యాహ్నానికల్లా వాంతులు చేసుకున్నారు. కొందరు కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ వీధిలోనే పడిపోయారు. తక్కినవాళ్లు తేరుకున్నారు గానీ, పూలమ్మే నాంచారమ్మ మాత్రం విజయవాడ ఆస్పత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. పులిహోరలో ఎండ్రిన్ కలిసిందని డాక్టరు తేల్చాడు. పత్తి చేలమీద కొట్టే పురుగుమందు అది. మూత తీస్తే పక్కింటి దాకా కంపు కొడుతుంది. చింతపండూ ఇంగువా ఘాటు కప్పేసింది కాబోలు, తిన్నవాళ్లెవరూ పోల్చుకోలేదు. అలాంటిది ప్రసాదంలోకి ఎలా వచ్చింది? నూనెలోంచి. నూనె ఎవరిది? గానుగ పీర్‌సాహెబుది. ఇంకేం కావాలి మా ఊరికి? అతన్ని స్టేషన్లో కూర్చోబెట్టారు, గానుగకి తాళం పడింది. కొట్లో ఉన్న నూనె డబ్బాలన్నీ కుర్రకారు వీధిలోకి తన్ని, మురుక్కాలవలో పారబోశారు. పరీక్ష చేయడానికి కూడా చుక్క మిగల్చని బుద్ధిమంతులు.

ఈ సాయంత్రం నాలుగింటికి కోవెల మండపంలో పెద్దలు కూర్చుంటారు. ఎస్సై వస్తాడు. ఆ పులిహోర వండిన మనిషి, అంటే మా నాన్న సోమయాజులు, "పీర్‌సాహెబు తెచ్చిన డబ్బాలోంచే నేరుగా బాణలిలో పోశాను" అని ఒక్క మాట అంటే చాలు, పీర్‌సాహెబు జైలుకి పోతాడు.

నాన్నకి వాసన తెలియదని నేను అప్పటికే కనిపెట్టాను. వాల్తేరులో నా పరిశోధనకి సెలవు పెట్టి ఇంటికొచ్చిన మర్నాడే, అగరుబత్తి నిప్పు పడి ఆయన పంచె అంచు రాజుకుంటుంటే, ఆయన ఏమీ ఎరగనట్టు పంచాంగం చూసుకుంటున్నారు. పొగ కనిపించి నేను పరుగెత్తుకెళ్లి ఆర్పాను. అడిగితే నవ్వేసి ఊరుకున్నారు. నేనూ ఊరుకుంటానని అనుకున్నారు కాబోలు. నా కోపం సంగతి ఆయనకి తెలియనిది కాదు.

ఇక కరీంబీ, పీర్‌సాహెబు భార్య.

ఆవిడ ఎప్పుడొచ్చినా పక్క సందులో నిలబడి "అమ్మగారూ!" అని పిలిచేది. ఈసారి ఎవరూ పిలవకుండానే గుమ్మం దాటి, నేరుగా లోపలి వాకిట్లోకి వచ్చి నిలబడింది. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, బియ్యం ఏరుకుంటోంది. నేను పొయ్యికి వీపు పెట్టి పీట మీద కూర్చున్నాను.

"అమ్మగారూ, మీరే చెప్పండి" అంది కరీంబీ. భయంతో కాదు, ఉక్రోషంతో. "నూనెకీ నేతికీ అంటు లేదని మీ పెద్దలే అన్నారు. మా మామగారి రోజుల నుంచీ స్వామి దీపానికీ వంటకీ మా గానుగ నూనే. శనివారం నాడు అదే నూనె మీ ఇంటికి పోశాను. పంతులుగారింటికి పోశాను. మేమూ తిన్నాం. ఎవరికన్నా తలనొప్పి వచ్చిందా? కోవెల గడప దాటాకే విషమైపోయిందా అది?"

అమ్మ తలెత్తలేదు. బియ్యంలో లేని రాళ్లు ఏరుతోంది.

"మా ఆయన నోరు విప్పడు. విప్పితే ఈపాటికి ఇంట్లో ఉండేవాడు." కరీంబీ నా వంక తిరిగింది. "రమమ్మా, మీ నాయనగారికి వాసన తెలీదు. నీకు తెలుసా ఆ సంగతి?"

"తెలుసు" అన్నాను.

"మాకు ఎప్పట్నుంచో తెలుసు. ఒకసారి మా కొట్లో పనివాడు కిరసనాయిలు డబ్బాలో మంచి నూనె పోసి కోవెలకి పంపాడు. అయ్యగారు అందుకుని లోపలికి తీసుకుపోతున్నారంట. మా ఆయనకి అల్లంత దూరం నుంచే కంపు తగిలి, పరుగున పోయి లాక్కున్నాడు. అయ్యగారి మొహంలో ఏమీ లేదంట తల్లీ. ఆనాటి నుంచీ తనే ప్రతి డబ్బా వాసన చూసి గాని పంపడు. నేను ఎవరితోనన్నా అంటానేమోనని ఒట్టు వేయించుకున్నాడు. ఒకళ్ల అన్నం మీద మనం కొట్టకూడదు కరీమూ అన్నాడు." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇవాళ మా అన్నం మీద ఎవరు కొడుతున్నారు మరి?"

నాకు ఒళ్లంతా మంటెత్తింది. నేను ఏదో అనబోయాను.

"పాలు! పాలు మాడిపోతున్నాయే!" అని అమ్మ చేట వదిలేసి ఒక్క ఉదుటున లేచింది. "పొయ్యి పక్కనే కూర్చుని చూడవేంటే! ఇల్లంతా కమురు కంపు!"

కోపంలో ఉన్నదానికి పాలు కనిపిస్తాయా? చూసుకోలేదన్నాను. అమ్మ గుడ్డతో గిన్నె దించింది. అడుగంటిన పాల వంక చూస్తూ అంది.

"నేను దగ్గాను కరీంబీ. ఆ రోజు నేను దగ్గాను."

ఈ దగ్గు మీకు అర్థం కావాలంటే కోవెల వంట సంగతి చెప్పాలి. స్వామికి ఆరగింపు కాకముందు ఆ వంట వాసన మనిషి ముక్కుకి తగలకూడదు. తగిలితే ఎంగిలితో సమానం. అందుకే నాన్న ముక్కుకీ నోటికీ అడ్డంగా మడిగుడ్డ కట్టుకుని వండుతారు. ఉప్పు చేతి కొలత, పులుపు కంటి కొలత. రుచి చూడడం లేదు, వాసన చూడడం అసలే లేదు. ఆ వంటశాలలోకి ఇంకో మనిషి అడుగుపెట్టకూడదు. ముక్కు పనిచేయని మనిషి ఏళ్ల తరబడి ఎవరికీ దొరక్కుండా వంట చేయగల చోటు ఈ భూమ్మీద ఏదన్నా ఉందంటే, అది మా నాన్న వంటశాలే.

"వెనక కిటికీ దగ్గర కూర్చుని పూలు కడతాను గదా" అంది అమ్మ. "పూలకోసం కాదే నేను కూర్చునేది. ఆయనకి ముక్కు పోయిందని తెలిసినప్పట్నుంచీ అక్కడే కూర్చుంటున్నాను. అడుగంటుతుంటే ఒకసారి దగ్గుతాను. నెయ్యి ముక్కినా, పాలు విరిగినా రెండుసార్లు. ఆయన సర్దుకునేవారు. స్వామి కంటే ముందు నేను వాసన చూస్తున్నానని నాకు తెలుసు. ఆ పాపం నా ఖాతాలో వేసుకుంటానని రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని."

"మరి శనివారం?"

"శనివారం గొంతు చించుకుని దగ్గానే! తిరగమోత వేస్తుంటే గుప్పుమంది. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఆగకుండా దగ్గాను. ఆయన కిటికీ వంక చూశారు. నన్ను చూశారు. చూసి..."

"చూసి?"

"కిటికీ తలుపు మూసేశారు."

కరీంబీ గోడకి ఆనుకుని మెల్లగా కూలబడింది.

అంతవరకూ నా కోపానికి ఓ హద్దుండేది. వాసన తెలియని మనిషి, తెలియక జరిగింది, ఒప్పుకుంటే సరిపోతుంది అనుకున్నాను. తెలిసి మూశారన్నమాట! ఆరగింపు గంట కొట్టేశారట. ధర్మకర్త సుందరరావుగారి కుటుంబమంతా వచ్చి మండపంలో కూర్చుందట. అప్పుడు పులిహోర పారబోస్తే ఎందుకని అడుగుతారట. అందుకని మూశారు.

"నువ్వేం చేశావమ్మా? బయటికొచ్చి తినద్దని ఒక్క కేక వేయలేకపోయావా? నాంచారమ్మ దొన్నె పట్టుకుని తింటుంటే చూస్తూ నిలబడ్డావా?"

"ఏమని కేకేయను? స్వామి కంటే ముందు వాసన చూశానని ఊరందరి ముందూ చెప్పనా? దీపం కిరసనాయిలు ఒలికిందేమో అనుకున్నానే. ఒక పూట కడుపులో తిప్పుతుందేమో, అంతకంటే ఏమవుతుందిలే అనుకున్నాను." అమ్మ నోరు నొక్కుకుంది. "ఆ డబ్బా అలాంటిదని నాకేం తెలుసు!"

"ఏ డబ్బా?"

అమ్మ చూపు అటక మీదకి పోయింది.

డబ్బా కథ ఇది. సుందరరావుగారి పత్తి కొట్టంలో ఓ మూల పడి ఉందట. కొత్తదిలా తళతళలాడుతుంటే నాన్న ముచ్చటపడి అడిగి తెచ్చుకున్నారు. బూడిదతో తోమారు, చింతపండుతో తోమారు, ఎండలో పెట్టారు. పీర్‌సాహెబు నూనె తెస్తే దాన్ని అందులోకి వంపుకున్నారు. ముక్కున్న వాడెవడైనా మూత తీసిన మరుక్షణం పెరట్లోకి గిరాటేసేవాడు. నాన్న దాన్ని స్వామి పొయ్యి పక్కన పెట్టుకున్నారు. జనం పడిపోతున్నారని తెలిశాక, ఇంటికి తెచ్చి మూత చుట్టూ గుడ్డ బిగించి అటక మీద పెట్టారు. నేరుగా పీర్‌సాహెబు డబ్బాలోంచే పోశానన్న మాట ఆ తర్వాత పుట్టింది.

అప్పుడే నాన్న నూతి దగ్గర స్నానం చేసి తడిపంచెతో వచ్చారు. కరీంబీని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఆవిడ లోపలికెందుకొచ్చింది?"

"ముందు అటక మీద డబ్బా ఎందుకొచ్చిందో చెప్పు నాన్నా" అన్నాను.

ఆయన అమ్మ వంక చూశారు. అమ్మ చూపు తిప్పుకోలేదు. అంతే, ఆయనకి అంతా తెలిసిపోయింది.

"నోరు అదుపులో పెట్టుకో రమా. నీకు తెలీని వ్యవహారాలివి."

"ఏం తెలీదు నాకు? కిటికీ మూశావని తెలుసు. అబద్ధం చెప్పబోతున్నావని తెలుసు. నీకోసం ఇన్నాళ్లూ తన నోరు కుట్టేసుకున్న మనిషిని జైల్లో పెట్టించబోతున్నావని తెలుసు. ఇంకేం తెలియాలి?"

"నాలుగు తరాలే!" నాన్న గొంతు ఒక్కసారిగా లేచింది. "ఆ పొయ్యి నాలుగు తరాలుగా మాది. ఇంద్రియలోపం ఉన్నవాడు స్వామి పొయ్యి ముట్టకూడదు. తెలుసా నీకు? నాకు ముక్కు లేదని నా నోటితో నేను చెప్పుకోవాలా? చెప్పాక ఈ ఊళ్లో నా మొహం ఎవరికి చూపించను? మా నాన్న చీకటి పడితే గోడలు తడుముకుంటూ నడిచాడు. ఆఖరికి నూతిలో పడి పోయాడు. చచ్చేదాకా ఒక్కళ్లతో చెప్పుకోలేదు. ఏ జన్మలో చేసుకున్నామో ఈ పాపం!"

"పాపం కాదు నాన్నా! పాపమూ కాదు, శాపమూ కాదు. అయిదేళ్లుగా నేను తిండీ నిద్రా మానుకుని చూస్తున్నది దాన్నే. ఒక్కసారి విను."

ఆయన వినరని తెలుసు. అయినా చెప్పాను. పళ్లు బిగించి, ఒక్కో ముక్కా చెప్పాను.

"ముక్కు లోపల కంటికి కనపడని నూగుంటుంది. సీలియా అంటారు. వాసన పట్టేది అదే. కంట్లో వెలుగు పట్టే కణాలకీ అలాంటి కాడే ఒకటుంటుంది. ఆ నూగంతా ట్యూబులిన్ అనే ఇటుకలతో కట్టింది. ఒక్కో ఇటుకకీ చిన్న తోక. ఆ తోకల్ని ఎప్పటికప్పుడు కత్తిరించి సరిచేయడానికి ఒక ఎంజైము ఉంది. అది పనిచేసినన్నాళ్లూ నూగు నిలబడుతుంది. తాటాకిల్లు కట్టగానే సరా? ఏటేటా కప్పు సరిచేసుకోవాలి గదా. సరిచేసేవాడు లేకపోతే కొన్నాళ్లు బాగానే ఉంటుంది, ఆ తర్వాత కూలిపోతుంది. నువ్వు కుర్రాడిగా ఉన్నప్పుడు మూత తీయకుండానే ఇది నెమలి ఊరి నెయ్యి, ఇది రెడ్డిగూడెం నెయ్యి అని చెప్పేవాడివట గదా! లోపంతో పుట్టలేదు నువ్వు. కట్టింది నిలబడలేదు, అంతే."

"ఎవరు చూశారే నా ముక్కులో?"

"నీ ముక్కులో ఎవరూ చూడలేదు. నా పురుగుల్లో చూశాను. వెంట్రుకంత సన్నటి పురుగులు. ఘాటైన మందుచుక్క పెడితే ఆ వాసనకి తప్పుకుపోతాయి. వాటిలో ఒక్క జాతి మాత్రం, లేతగా ఉన్నప్పుడు తప్పుకుంటుంది గానీ, ముదిరాక నేరుగా ఆ చుక్కలోకే పాక్కుంటూ పోతుంది. దాంట్లో ఆ ఎంజైము పాడైందని నా లెక్క. మనుషుల్లో ఎవరూ తేల్చలేదు, నాదీ అనుమానమే. కానీ తాతయ్యకి ముక్కూ కళ్లూ రెండూ పోయాయి. నీకు ముక్కు పోయింది, దీపాలవేళ గడప తన్నుకుంటున్నావు. అమ్మవైపు నుంచీ నాన్నవైపు నుంచీ రెండు పక్కలా ఆ లోపం కలిస్తేనే అది బయటపడుతుంది. తాతయ్యా నానమ్మా మేనమామా మేనకోడలే గదా!"

"మాదీ మేనరికమేగదే" అంది అమ్మ నెమ్మదిగా. అంటూ నా మొహంలోకి ఎందుకో అదోలా చూసింది.

"అదంతా తర్వాత మాట్లాడుకుందాం. ముందు నాలుగింటి సంగతి చూడు" అన్నాను నాన్నతో.

నాన్న పొడిపంచె కట్టుకున్నారు. ఉత్తరీయం సర్దుకున్నారు.

"బాగుంది. కోవెల అన్నం పెట్టి చదివిస్తే, చదివి చదివి నన్ను నీ పురుగుతో పోల్చావు."

"పురుగుకి నోరు లేదు నాన్నా. నీకుంది. నిజం చెప్పు."

"నేను చెప్పేది నేను చెప్తాను. నువ్వు ఈ గడప దాటావో, నాకు కూతురు లేదనుకుంటాను."

కరీంబీ లేచి ఆయనకి అడ్డంగా నిలబడింది. కాళ్లమీద పడుతుందేమో అనుకున్నాను. పడలేదు.

"అయ్యా, మా ఆయన మీ పరువు కాచాడు. మీరు ఆయన ప్రాణం తీస్తారా?"

నాన్న ఆవిడని చుట్టి, తల వంచుకుని వెళ్లిపోయారు.

నేను నిచ్చెన వేసుకుని అటకెక్కాను. గోనె కింద డబ్బా ఉంది. దాన్ని దించి వాకిట్లో పెట్టగానే అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. కరీంబీ కూడా గోడ వైపు మొహం తిప్పేసుకుంది. మమ్మల్ని తిట్టుకుంటోంది కాబోలు, తిట్టనీ అనుకున్నాను.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమమ్మా? ఇప్పుడెందుకా ఏడుపు?" అని కసిరాను. అమ్మ ఏదో అనబోయి మానేసింది.

డబ్బా రెండు చేతులా ఎత్తుకుని గడప దాటాను.

మండపంలో సందు లేదు. సుందరరావుగారు స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. ఎస్సైకి కుర్చీ వేశారు. పీర్‌సాహెబు మెట్ల కింద ఎండలో, భుజం మీద తువ్వాలుతో నిలబడి ఉన్నాడు. కూర్చోమన్నవాడు లేడు. వీధరుగుల మీద జనం. "స్వామి ప్రసాదంలోనే కలుపుతాడా!" అని ఎవరో పళ్లు కొరుకుతున్నారు.

నాన్న అప్పటికే మొదలుపెట్టారు. "శనివారం పొద్దున్న పీర్‌సాహెబు తెచ్చిన డబ్బా..."

"ఆ డబ్బా కాదు. ఈ డబ్బా!" అన్నాను.

జనం తప్పుకుని దారిచ్చారు. నేను మెట్లెక్కి నాన్న పక్కన నిలబడ్డాను. ఆయన నా వంక చూడలేదు.

"ఏంటమ్మాయీ ఇది? పెద్దవాళ్లు మాట్లాడుతుంటే?" అన్నారు సుందరరావుగారు.

"మీ పత్తి కొట్టంలోది. గుర్తుపట్టారా? ఎండ్రిన్ డబ్బా. సాయిబుగారి నూనెలో ఏ దోషమూ లేదు. మంచి నూనె తెచ్చి దీంట్లో వంపుకున్నారు మా నాన్న."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, సుందరరావుగారు గబుక్కున లేచి నిలబడ్డారు. "నేనేం పిలిచి ఇచ్చానా? ఆయనే అడిగి పట్టుకెళ్లాడు! అయినా మందు డబ్బాని ప్రసాదానికి వాడతాడా ఎవడన్నా? మూత తీస్తే తెలీదూ?"

"తెలీదు. మా నాన్నకి వాసన తెలీదు. ఏళ్లైంది."

గోలైపోయింది. ఎస్సై చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "ఏమండీ, మీ అమ్మాయి చెప్పేది నిజమేనా?"

"చదువెక్కువై దానికి మతి చలించింది" అన్నారు నాన్న. "నాకే లోపమూ లేదు. ఆ డబ్బా నేనెప్పుడూ చూడలేదు."

ఎంత తేలిగ్గా అన్నారో!

"రమమ్మా" అన్నాడు మెట్ల కింద నుంచి పీర్‌సాహెబు. "వద్దు తల్లీ. అయ్యగార్ని నలుగుర్లో అలా..."

"మీరు ఊరుకోండి సాయిబుగారూ! మీ మంచితనమే మీ కొంపకి నిప్పు పెట్టింది. ఇంకా చాలలేదా?" ఆయన మీద కూడా అరిచాను. ఎవరి మీద అరవాలో ఎవరి మీద అరవకూడదో చూసుకునే స్థితిలో లేను.

అప్పుడు తట్టింది నాకు. మాటలెందుకు? వాల్తేరులో నేను రోజూ చేసే పనే. మందుచుక్క పెట్టి, ఎవరు తప్పుకుంటారో ఎవరు తప్పుకోరో చూడడం. డబ్బా గుండెలకి ఆనించుకుని, గుడ్డ లాగేసి, మూత బలంగా తిప్పి తీసేశాను.

ఎస్సై కుర్చీ తన్నుకుని వెనక్కి జరిగాడు. జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. సుందరరావుగారు పైపంచెతో మొహం కప్పుకున్నారు. అర్చకుడు "నారాయణ, నారాయణ" అంటూ స్తంభం వెనక్కి పోయాడు. పీర్‌సాహెబు అక్కడెక్కడో మెట్ల కింద ఉన్నవాడు కూడా తువ్వాలు ముక్కుకి చుట్టుకున్నాడు. అరుగుల మీద ఆడవాళ్లు దగ్గుతూ లేచిపోయారు.

నాన్న మాత్రం చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నారు. మూత తీశానని కూడా ఆయనకి తెలియలేదు. అందరూ ఎందుకు వెనక్కి జరుగుతున్నారో అర్థంకాక అటూ ఇటూ చూస్తున్నారు.

"చూశారా!" అని అరిచాను. "చూడండందరూ! ఇంకా ఏం రుజువు కావాలి మీకు? ఇంత కంపులో ముక్కు మూసుకోకుండా నిలబడగలిగే మనిషి ఈ మండపంలో ఇంకెవరన్నా ఉన్నారా?"

ఎస్సై రుమాలు తీయకుండానే నాన్న వంక చూశాడు. తర్వాత పీర్‌సాహెబు వంక చూసి, పైకి వచ్చి కూర్చోమని సైగ చేశాడు. గెలిచాననుకున్నాను. నాలుగు రోజులుగా ఛాతీలో మండుతున్నదేదో కాస్త చల్లబడింది.

కానీ సుందరరావుగారు నాన్నని చూడడం లేదు. నన్ను చూస్తున్నారు. అర్చకుడూ నన్నే చూస్తున్నాడు. అందరూ, ముక్కులు మూసుకుని, నన్నే చూస్తున్నారు.

డబ్బా నా గుండెలకి ఆనించి ఉంది. దాని మూతికీ నా మొహానికీ మధ్య జానెడు దూరం లేదు.

అమ్మ మెట్లెక్కి వస్తోంది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉంది, ఇంట్లో పెట్టుకున్నట్టే. అప్పుడు ఏడవలేదు ఆవిడ. ఇప్పుడు ఏడుస్తోంది.

తల వంచి డబ్బాలోకి గాలి పీల్చాను. ఇంకోసారి, ఊపిరితిత్తులు నిండేలా పీల్చాను. కళ్లు మండాయి, గొంతు గరగరలాడింది. గాలి చల్లగా లోపలికి పోయింది. ఇంకేమీ లేదు.

నాన్న నా చేతుల్లోంచి డబ్బా తీసుకుని కింద పెట్టారు. కూతురు లేదనుకుంటానన్న మనిషి, లోపం లేదన్న మనిషి, ఊరందరి ముందూ నా తల మీద చెయ్యి వేశారు.

"ఎన్నాళ్ల నుంచి అమ్మడూ?" అన్నారు.